మసూంతే: తాబేళ్ల వేట ఆగిపోయాక ఒక ఊరు ఎలా బతికింది

అందరికీ నమస్కారం. ఇవాళ నేను చెప్పబోయే ఊరి పేరు మీలో చాలామంది విని ఉండరు. మసూంతే. మెక్సికో దేశం, వహాకా రాష్ట్రం, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డు. బీచ్ పొడవు ఓ కిలోమీటరు, ఊళ్లో స్థిరంగా ఉండే జనం వెయ్యికి అటూ ఇటూ. మన లెక్కలో ఒక చిన్న పాలెం. ఇంత చిన్న ఊరి గురించి అంతసేపు ఏం మాట్లాడతారండీ అని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. చాలా ఉందండీ. 1990లో అక్కడి ప్రభుత్వం ఈ ఊరి బతుకుతెరువును ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. ఆపాల్సిన పనే, ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. కానీ మర్నాటి నుంచి ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలగాలన్నది ఆ ఉత్తర్వులో లేదు. ఆ సంగతి ఊరివాళ్లే చూసుకోవాల్సి వచ్చింది. ఎలా చూసుకున్నారు, ఇప్పుడు ఎక్కడి దాకా వచ్చారు, ఇదే ఇవాళ్టి మాట.

ముందు ఆ తీరం గురించి కొంచెం. వహాకా అంటే కొండలు. సముద్రానికి, రాజధాని వహాకా నగరానికి మధ్య పెద్ద పర్వత శ్రేణి ఉంది, అందుకని తీరం చాలా కాలం రాష్ట్రంలో ఒక మూలకు పడి ఉండేది. మసూంతేకి దగ్గర్లోని సంత ఊరు పొచూత్లా. అక్కడ ఒకప్పుడు నావాటల్ అనే మూలవాసుల భాషా కుటుంబానికి చెందిన ఒక ప్రత్యేక భాష మాట్లాడేవాళ్లు, మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయస్ 1912లో అక్కడికి వెళ్లి, ఆ భాష తెలిసిన కొద్దిమంది ముసలివాళ్లను పట్టుకుని మాటలు రాసుకున్నాడు, ఆ తర్వాత కొన్నేళ్లకే ఆ భాష పోయింది. 

స్పానిష్ పాలనలో వహాకాకు డబ్బు తెచ్చింది కోచినీల్ అనే పురుగు. నాగజెముడు మీద పెరిగే ఈ పురుగును ఎండబెట్టి నూరితే మంచి ఎర్ర రంగు వస్తుంది, యూరప్‌లో దానికి విపరీతమైన గిరాకీ. ఈ రంగు మీద స్పెయిన్ గుత్తాధిపత్యాన్ని దెబ్బ కొట్టాలని ఈస్ట్ ఇండియా కంపెనీ వాళ్లు 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో నాగజెముడు తోట వేసి ఆ పురుగును పెంచాలని చూశారు కూడా. 19వ శతాబ్దం రెండో సగంలో ఫ్యాక్టరీ రంగులు వచ్చాక కోచినీల్ వ్యాపారం కూలిపోయింది. దాని బదులు కొండల మీద, ముఖ్యంగా ప్లూమా ఇదాల్గో చుట్టుపక్కల, కాఫీ తోటలు లేచాయి. ఆ కాఫీని ఓడలెక్కించడానికి కట్టిన రేవు ప్వెర్తో ఆంహెల్. మసూంతే నుంచి తూర్పుకు పది కిలోమీటర్లు. కాఫీ వేరే దారులు పట్టాక ఆ రేవు కూడా మామూలు చేపల రేవు అయిపోయింది. ఒక సరుకు రావడం, ఊళ్లను లేపడం, అది పోతే ఊళ్లు నీరసించడం, ఈ తీరానికి ఇది అలవాటైన విషయం.

అయితే అప్పటికింకా మసూంతే అని చెప్పుకోదగ్గ ఊరు లేదు. అది ఊరు అయింది తాబేళ్ల వల్ల.

ఆలివ్ రిడ్లే తాబేలు మనకు కొత్తది కాదు. విశాఖ, శ్రీకాకుళం, కాకినాడ తీరాల్లో శీతాకాలం చివర్లో గుడ్లు పెట్టడానికి వచ్చేది ఇదే జాతి. ఒడిశాలో గహీర్‌మఠ, ఋషికుల్య దగ్గర లక్షల్లో వస్తాయి. మసూంతే ఉన్న తీరంలోనే, కొంచెం పడమరగా, ఎస్కోబీయా అనే బీచ్ ఉంది, ప్రపంచంలో ఈ జాతి మూకుమ్మడిగా గుడ్లు పెట్టే అతి పెద్ద చోట్లలో అదొకటి. ఒక రాత్రి కొన్ని వందలు, మరుసటి రాత్రి వేలు, అలా నాలుగైదు రోజుల పాటు ఇసుక కనబడకుండా వస్తాయి. దీన్ని వాళ్లు అరిబాద అంటారు. ఒక్కో తాబేలు నలభై కిలోలకు అటూ ఇటూ బరువుంటుంది, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి వందకు పైచిలుకు గుడ్లు పెట్టి, పూడ్చి, మళ్లీ నీళ్లలోకి పోతుంది. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి.

తీరం జనం గుడ్లు తినేవాళ్లు, అప్పుడప్పుడూ మాంసం తినేవాళ్లు. ఇది ఎప్పటినుంచో ఉన్నదే, దాని వల్ల తాబేళ్లకు పెద్ద నష్టమేమీ జరగలేదు. కథ మారింది 1960లలో. అప్పటికి మొసళ్లను వేటాడి వేటాడి మొసలి తోలు దొరకడం కష్టమైంది. చెప్పులకి, సంచులకి, బెల్టులకి ఇంకో తోలు కావాలి. తాబేలు తెడ్డు కాళ్ల మీద, మెడ దగ్గర ఉండే చర్మం దానికి పనికొస్తుందని వ్యాపారులు కనిపెట్టారు. జపాన్ నుంచి, యూరప్ నుంచి గిరాకీ. మెక్సికో పసిఫిక్ తీరం పొడవునా కొనుగోలుదార్లు దిగారు. ఒక్కోసారి తోలు వరకే ఒలిచి మిగతా శరీరాన్ని ఒడ్డునే వదిలేసిన రోజులున్నాయి. 1960ల చివరికి ఏడాదికి పట్టే తాబేళ్ల సంఖ్య దేశం మొత్తం మీద లక్షల్లోకి వెళ్లింది.

మసూంతే పక్కనే, కిలోమీటరు దూరంలో, సాన్ అగుస్తినీయో అనే ఊళ్లో తాబేళ్ల కబేళా పెట్టారు. మగవాళ్లు పడవలేసుకుని పోయి, నీళ్ల మీద తేలుతూ సేద తీరుతున్న తాబేళ్లను పట్టి తెచ్చేవాళ్లు. ఒలిచే పని, ఉప్పు పెట్టే పని, మోత పని, అన్నీ కూలికే. చుట్టుపక్కల నుంచి, కొండల నుంచి కుటుంబాలు వచ్చి మసూంతేలో గుడిసెలు వేసుకున్నాయి. అంటే ఈ ఊరు కబేళా కూలీల ఊరుగా పెరిగింది. నాకు ఆ కూలీల మీద కోపం లేదు, మీరు కూడా పెట్టుకోవద్దు. భూమి లేని, చదువు లేని, రోడ్డు లేని చోట వారం వారం కూలి ముట్టే పని అదొక్కటే. అసలు లాభం తోలు ఎగుమతి చేసేవాళ్లకు పోయింది, వీళ్ల దగ్గర మిగిలింది ఆ వాసన, చేతుల మీద కోతలు, పిల్లల కడుపు నిండటం.

తాబేళ్ల వైపు నుంచి చూస్తే ఘోరం జరిగింది. హలీస్కో రాష్ట్రంలో మిస్మలోయా, గెరేరో రాష్ట్రంలో త్లకొయుంకే, వహాకాలోనే చకావా, ఈ మూడు చోట్లా పెద్ద అరిబాదలు ఉండేవి, కొన్నేళ్లలోనే మూడూ కుప్పకూలాయి. మిగిలింది ఎస్కోబీయా. ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు, కానీ గట్టిగా పట్టుకోనూ లేదు. 1971, 72లో వేట మొత్తం ఆపారు. 1973లో మళ్లీ తెరిచి, మత్స్యకార సహకార సంఘాలకు మాత్రమే అనుమతి అన్నారు. కాగితం మీద సహకార సంఘం, వెనక నుంచి కొనేది అదే వ్యాపారి. కోటా ఒకటి, పట్టేది ఇంకొకటి. 1986లో ఎస్కోబీయాతో సహా పదిహేడు బీచ్‌లను తాబేళ్ల రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. బీచ్ మీద కాపలా పెట్టి, బీచ్ ఎదురుగా సముద్రంలో పట్టడానికి కోటా ఇస్తే ఏం లాభం చెప్పండి?

1980ల చివరికి ఒత్తిడి పెరిగింది. మెక్సికోలో కవి ఓమేరో అరిద్‌హిస్ నాయకత్వంలో రచయితలు, కళాకారులు, శాస్త్రవేత్తలు కలిసి ‘నూరుమంది బృందం’ అని పెట్టుకుని పర్యావరణ విషయాల మీద గట్టిగా మాట్లాడేవాళ్లు, వాళ్లు ఈ కబేళా సంగతిని పత్రికలకెక్కించారు. విదేశీ సంస్థలు ఫొటోలు, వీడియోలు తీసి ప్రపంచానికి చూపించాయి. అప్పుడు అధ్యక్షుడు కార్లోస్ సలీనాస్, అమెరికాతో వ్యాపార ఒప్పందం కోసం ప్రయత్నం మొదలుపెడుతున్న సమయం, దేశం పేరు బయట పాడవడం ఆయనకు ఇష్టం లేదు. 1990 మే నెలలో, మెక్సికో సముద్రాల్లో ఏ జాతి తాబేలునూ, ఎవరూ, ఎప్పుడూ పట్టకూడదని ఉత్తర్వు వచ్చింది. కబేళా మూతపడింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే. మన ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల మీద వేట నిషేధం ఉంటుంది కదా. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలకే ఇళ్లలో ఎంత ఇబ్బంది ఉంటుందో, భృతి ఎప్పుడు పడుతుందా అని ఎంత ఎదురుచూస్తారో ఇక్కడ తీరంలో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. భృతి చాలీచాలనిదే కావచ్చు, ఆలస్యం కావచ్చు, కానీ నిషేధానికి ఒక ధర ఉందని, అది ఒక్క మత్స్యకారుడే కట్టకూడదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. మసూంతేలో నిషేధం శాశ్వతం. చేతిలో వేరే పని లేదు. కొందరు ఊరు వదిలి వెళ్లారు. కొందరు చుట్టూ ఉన్న అడవి నరికి మొక్కజొన్న వేశారు, కట్టె అమ్మారు. కొందరు రాత్రిపూట గుడ్లు తవ్వి దొంగచాటుగా అమ్మారు. ఒక ప్రాణిని కాపాడటానికి తెచ్చిన చట్టం వల్ల పక్కనున్న అడవికి గొడ్డలి పడింది. ఇది జరుగుతుందని ముందే ఎవరైనా ఊహించి ఉండొచ్చు, ఆ ఊరివాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే వాళ్లే చెప్పేవాళ్లు.

తర్వాత మెల్లమెల్లగా మూడు నాలుగు పనులు జరిగాయి, ఒకదాని వెనక ఒకటి కాదు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి. ఎకోసొలార్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు వచ్చి ఊరివాళ్లతో కలిసి కూర్చుని, ఏం చేయొచ్చో మాట్లాడటం మొదలుపెట్టారు. ఊరివాళ్లు తమ చుట్టూ ఉన్న నేలను రైతుల పర్యావరణ రక్షిత ప్రాంతంగా తామే ప్రకటించుకున్నారు. పైనుంచి గీత గీసి ఇచ్చింది కాదు ఇది. అడవి ఇక నరకం, పెద్ద హోటళ్లకు తలుపు తీయం, కట్టేది మట్టితో, కర్రతో, ఆకుతో కడతాం, ఇలాంటి మాటలు. అన్నీ తుచ తప్పకుండా పాటించారని నేను అనను. కానీ ఆ మాట అనుకోవడం వల్ల ఊరి రూపం చాలాకాలం నిలబడింది.

ఇక బతుకుతెరువు సంగతి. మొదటిది, ప్రభుత్వం తాబేళ్ల పరిశోధనకు, ప్రదర్శనకు ఒక కేంద్రం కట్టింది, 1994లో జనానికి తెరిచారు. మెక్సికన్ తాబేళ్ల కేంద్రం. ప్రపంచంలో సముద్ర తాబేళ్లు ఏడు జాతులు, అందులో ఆరు మెక్సికో తీరాలకు వస్తాయి, వాటిలో కొన్నిటిని అక్కడి తొట్లలో చూడొచ్చు, మంచినీటి తాబేళ్లు, నేల తాబేళ్లు కూడా ఉంటాయి. కబేళాకు తాబేళ్లను మోసిన ఊళ్లలోనే ఇప్పుడు బడి పిల్లలు బస్సుల్లో వచ్చి తాబేళ్లను చూసి వెళ్తున్నారు. ఉద్యోగాలు కొన్నే, అయినా ఆ కేంద్రం ఉన్నందువల్ల మసూంతే పేరు పటంలోకి ఎక్కింది, దారిలో వెళ్లే టూరిస్టు ఆగడానికి ఒక కారణం దొరికింది.

రెండోది సబ్బులు, నూనెల దుకాణం. బ్రిటన్‌లో ది బాడీ షాప్ అనే సౌందర్య సాధనాల కంపెనీ పెట్టిన అనీటా రాడిక్ సాయంతో 1990ల మధ్యలో కొన్ని కుటుంబాలు కలిసి ఒక సహకార సంఘంగా ఏర్పడి సౌందర్య సాధనాలు చేయడం మొదలుపెట్టాయి. కొబ్బరి, నువ్వులు, అవకాడో, కోకో, తేనెమైనం, అన్నీ చుట్టుపక్కల దొరికేవే. షాంపూ, సబ్బు, ఒంటికి రాసుకునే నూనె, దోమల మందు. పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు, రోడ్డు పక్కన ఒక చిన్న వర్క్‌షాప్, దాని ముందు దుకాణం. నాకు ఇది నచ్చడానికి కారణం ఏంటంటే, ఇందులో ఆడవాళ్లకి సొంత సంపాదన వచ్చింది. బయటి నుంచి సాయం వచ్చింది నిజమే, కానీ దుకాణం సొంతదారులు వాళ్లే. సాయం చేసినవాళ్లు వెళ్లిపోయాక కూడా అది నడిచింది. మన దగ్గర ఎన్ని శిక్షణ కేంద్రాలు ప్రాజెక్టు డబ్బు అయిపోగానే తాళం పడ్డాయో తెలిసినవాళ్లకి, ఇది చిన్న విషయం కాదని అర్థమవుతుంది.

మూడోది పర్యాటకం. ఈ తీరానికి బయటి జనం రావడం 1970లోనే మొదలైంది. ఆ ఏడాది మార్చి 7న వహాకా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్లింది, దాన్ని చూడటానికి వచ్చిన హిప్పీలు కొందరు పక్కనే ఉన్న సిపొలీతె బీచ్‌లో ఉండిపోయారని చెప్పుకుంటారు. ఆ తర్వాత కూడా వీపున సంచితో తిరిగే కుర్రకారు వస్తూనే ఉన్నారు. తాబేళ్ల పని పోయాక మసూంతేవాళ్లు ఇంటి పక్కన ఆకుల కప్పు వేసి, ఉయ్యాల పడకలు కట్టి, రాత్రికి ఇంత అని అద్దెకివ్వడం మొదలుపెట్టారు. ఇంట్లో వండిన చేపే పెట్టారు. పడవలు ఎలాగూ ఉన్నాయి, తాబేళ్లను పట్టిన పడవల్లోనే టూరిస్టులను ఎక్కించుకుని తాబేళ్లను, డాల్ఫిన్లను, చలికాలంలో తిమింగలాలను చూపించారు. సముద్రంలో తాబేలు ఎక్కడ తేలుతుందో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

కాస్త నిలదొక్కుకుంటున్నారు అనుకుంటుండగా 1997 అక్టోబర్‌లో పౌలీనా హరికేన్ వచ్చింది. ప్వెర్తో ఆంహెల్ దగ్గరే తీరం దాటింది. మెక్సికో మొత్తం మీద వందల మంది చనిపోయారు. మసూంతేలో ఆకు కప్పులు, చెక్క ఇళ్లు చాలా వరకు కొట్టుకుపోయాయి. నెల తిరిగేసరికి, నవంబర్‌లో, రిక్ అని ఇంకో తుఫాను. దివిసీమ చూసినవాళ్లకి, హుద్‌హుద్ చూసినవాళ్లకి తుఫాను తర్వాత రోజు ఊరు ఎలా ఉంటుందో తెలుసు. మసూంతే మళ్లీ లేచింది. వహాకా పల్లెల్లో తెకియో అని ఒక పద్ధతి ఉంది, ఊరి పని ఏదైనా ఉంటే ఇంటికొకరు వచ్చి కూలి లేకుండా చేయాలి, రోడ్డు వేయడం, కాలువ తీయడం, బడి కట్టడం, అన్నీ. అలాంటి అలవాటు ఉన్న రాష్ట్రంలో శిథిలాలు ఎత్తడానికి కాంట్రాక్టరు కోసం కూర్చోరు. పక్కనే వెంతనీయా అనే చిన్న పల్లెలో మడ అడవి తుఫానుకి బాగా దెబ్బ తింది, అక్కడివాళ్లు సహకార సంఘంగా కలిసి మడ మొక్కలు నాటారు, ఇప్పుడు ఆ మడుగులో చిన్న తెడ్డు పడవల్లో జనాన్ని తిప్పుతూ మొసళ్లను, పక్షులను చూపిస్తారు.

ఇప్పుడు మీకు ఇంకో ఊరి సంగతి చెప్పాలి, పోల్చి చూడటానికి. మసూంతే నుంచి తూర్పుకు, గంటన్నర లోపు ప్రయాణంలో, వతూల్కో ఉంది. కాన్‌కూన్ అనే పెద్ద బీచ్ నగరాన్ని కట్టిన మెక్సికో ప్రభుత్వ పర్యాటక సంస్థ ఫొనాతూర్, 1980ల మధ్యలో వతూల్కోని కూడా కట్టడం మొదలుపెట్టింది. 1984లో అక్కడి తొమ్మిది సముద్ర ఖాతాల చుట్టూ దాదాపు 21,000 హెక్టార్ల భూమిని ప్రభుత్వం తీసేసుకుంది. అక్కడున్న మత్స్యకార కుటుంబాలను ఒడ్డు నుంచి లోపలికి తరలించారు. విమానాశ్రయం వచ్చింది, స్టార్ హోటళ్లు వచ్చాయి, మంచి రోడ్లు, మురుగు శుద్ధి ప్లాంట్లు వచ్చాయి. ఆ సౌకర్యాలు మసూంతేలో ఇప్పటికీ లేవు, అది నేను దాచను. కానీ వతూల్కోలో ఒకప్పుడు సొంత ఒడ్డు ఉన్న మనిషి కొడుకు ఇవాళ హోటల్లో ఉద్యోగి. మసూంతేలో అదే వయసు కుర్రాడు నాలుగు గదుల పాకకు యజమాని. రెండిటిలో ఏది మేలు అంటే నేను మసూంతే వైపే ఉంటాను.

దీనికి మూలం భూమి. మసూంతే నేల సాంత మరియా తొనమేకా అనే మునిసిపాలిటీ ఉమ్మడి భూముల్లో ఉంది. ప్రైవేటు పట్టా లాగా అమ్ముకోవడానికి వీల్లేదు, వాడుకునే హక్కు మాత్రమే కుటుంబానికి ఉంటుంది, ఎవరికి ఇవ్వాలన్నా ఊరి సభ మాట కావాలి. పైగా మెక్సికో రాజ్యాంగం ప్రకారం తీరం నుంచి యాభై కిలోమీటర్ల లోపు విదేశీయులు నేరుగా భూమి కొనలేరు, బ్యాంకు ట్రస్టు ద్వారా వెళ్లాలి, ఉమ్మడి భూమిలో అది కూడా కుదరదు. అందుకే పెద్ద హోటల్ కంపెనీలకు ఇక్కడ కాలు పెట్టడం కష్టమైంది. చట్టం ఒక్కటే కాపాడింది అని కాదు, లీజులు ఉన్నాయి, మాటల మీద జరిగే ఒప్పందాలు ఉన్నాయి, ఊరివాళ్లు కొందరు హక్కులు వదులుకుని పక్కకు జరిగారు కూడా.

2015లో ప్రభుత్వం మసూంతేకి ‘పుయెబ్లో మాహికో’, అంటే మనోహరమైన ఊరు అనే గుర్తింపు ఇచ్చింది. దాంతో ప్రచారం పెరిగింది. సాయంత్రం పూట పుంత కొమేత అనే కొండకొమ్ము మీదికి, వహాకా రాష్ట్రానికి దక్షిణాన చిట్టచివరి చోటది, సూర్యాస్తమయం చూడటానికి బారులు తీరి ఎక్కుతారు. అక్కడి మూలవాసులకు అది పవిత్రమైన స్థలం. యోగా కేంద్రాలు వచ్చాయి, ధ్యాన శిబిరాలు వచ్చాయి, లాప్‌టాప్ పట్టుకుని నెలల తరబడి ఉండి పనిచేసుకునే వాళ్లు వచ్చారు. అద్దెలు పెరిగాయి. వెయ్యి మంది ఊరికి తవ్విన బావులు పండగ సీజన్‌లో అంతకు ఎన్నో రెట్లు జనానికి నీళ్లివ్వాలి. చెత్త ఎక్కడ పోయాలి, మరుగుదొడ్ల నీళ్లు ఎక్కడికి పోవాలి, అదే సముద్రంలోకి పోతే ఎవరి బతుకు పాడవుతుంది, ఇవి ఇప్పుడు ఆ ఊళ్లో రోజూ నలిగే ప్రశ్నలు. 2022 మే 30న అగాతా హరికేన్ మళ్లీ ప్వెర్తో ఆంహెల్ పక్కనే తీరం దాటింది, తూర్పు పసిఫిక్‌లో మే నెలలో తీరాన్ని తాకిన తుఫాన్లలో రికార్డుల ప్రకారం అదే అత్యంత బలమైనది.

ఆ పైన రోడ్డు. వహాకా నగరం నుంచి, మసూంతేకి పడమరగా తీరంలో ఉన్న ప్వెర్తో ఎస్కొందీదో పట్టణానికి కొండల మీదుగా వేసిన హైవే 2009లో మొదలై, ఆగుతూ సాగుతూ 2024 ఫిబ్రవరిలో తెరుచుకుంది. ఆరేడు గంటల మెలికల దారి రెండున్నర, మూడు గంటలకు తగ్గింది. వారాంతానికి వెళ్లొచ్చే దూరం అయిపోయింది. ఆసుపత్రికి పోవాల్సిన గర్భిణికి, సరుకు అమ్ముకోవాల్సిన రైతుకి ఆ రోడ్డు కావాలి, వద్దనడానికి మనమెవరం. కానీ అదే రోడ్డు మీద భూమి కొనడానికి వచ్చే మనిషి కూడా త్వరగా వస్తాడు.

తాబేళ్ల సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. ఎస్కోబీయాలో గూళ్ల సంఖ్య నిషేధం తర్వాత బాగా పెరిగింది, పది లక్షలు దాటిన సంవత్సరాలు ఉన్నాయి. కూలిపోయే దశ నుంచి ఒక జాతి ఇంతగా కోలుకోవడం అరుదు. గుడ్ల దొంగతనం పూర్తిగా ఆగలేదు, నౌకాదళం సైనికులు ఇప్పటికీ బీచ్ మీద కాపలా కాస్తారు. వలల్లో చిక్కి చనిపోయేవీ ఉన్నాయి. మన ఒడ్డుకీ ఏటా జనవరి నుంచి చచ్చిన రిడ్లేలు కొట్టుకొస్తూనే ఉన్నాయి, ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయినవే ఎక్కువ. వలకు తాబేలు తప్పించుకునే పరికరం పెట్టమంటే, చేప కూడా జారిపోతుందని మన బోటు యజమానులు అంటారు. వాళ్ల మాట తప్పని కొట్టిపారేయకండి. ఆ జారిపోయిన చేప ఖరీదు ఎవరు భరించాలో తేలనంత కాలం ఆ పరికరం బోటు మూలన పడే ఉంటుంది.

మసూంతేలో ఈ లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. కబేళా రోజుల్లో ఒలిచిన చేతులకు మిగిలింది తక్కువ, ఇప్పుడు గదికి కట్టే డబ్బులో ఊరికి ఎంత మిగులుతోందన్నది అక్కడి సభల్లో తెగకుండా మాట్లాడుకుంటున్న విషయం. హైవే తెరిచి ఎన్నో ఏళ్లు కాలేదు, నేల మీద హక్కులు ఎటు చేతులు మారతాయో చూడాలి. నేను చెప్పాలనుకున్నది ఇంతే. మీలో తీరం నుంచి వచ్చినవాళ్లున్నారు కదా, ముందు వాళ్లు మాట్లాడితే బాగుంటుంది, మైకు అటు ఇవ్వండి.